డాలు మీద సున్నా

మూర్మన్ పంతులుకి తలుపు తట్టే అలవాటు లేదు. మంగళవారం పొద్దున కూడా విసురుగా లోపలికొచ్చి, బల్ల మీద ఒక అచ్చు కాయితం పరిచి, దాని మధ్యలో వేలు పెట్టి నిలబడ్డాడు.

"ఏమిటిది?"

దిగ్నా వెంటనే తలెత్తలేదు. ఎత్తితే పని చెడుతుంది. ఇసక నింపిన తోలు దిండు మీద రాగి రేకు పెట్టి, కుడిచేత్తో సన్న ఉలిని కదలకుండా పట్టుకుని, ఎడంచేత్తో రేకుని మెల్లగా తనవైపు తిప్పుకుంటోంది. చెక్కేవాళ్ళు ఉలి తిప్పరు, రేకునే తిప్పుతారు. రాగి సన్నటి మెలికగా లేచి ఉలి ముందు చుట్టుకుంటోంది. అది ఎవరిదో డాలు మీది సింహం తోక. తోక కొసదాకా వచ్చాక ఉలి తీసి, ఆ మెలికని ఉఫ్‌మని ఊదేసి, అప్పుడు ఆ కాయితం చూసింది.

"స్నూక్ వారి డాలు పంతులుగారూ. మీరిచ్చిన బొమ్మే కదా."

"అది నాకూ తెలుసు. నా వేలు కింద ఉన్నదేమిటని అడుగుతున్నా."

వేలు కింద మూడు చేపలున్నాయి. పైన రెండు, కింద ఒకటి, మూడూ నోళ్ళు తెరుచుకుని, పళ్ళు బయటపెట్టుకుని. ఆ మూడింటి నట్టనడుమ గుండ్రంగా, చక్కగా ఒక ఉంగరం.

"ఉంగరం," అంది దిగ్నా.

"స్నూక్ వంశానికి ఉంగరం ఎక్కడిది? నాలుగు తరాలుగా వాళ్ళకి మూడు చేపలే. ఉంగరం లేదు, గాజు లేదు, గొలుసు లేదు. నువ్వెవరు వాళ్ళకి నగలు పెట్టడానికి?"

పొయ్యి పక్కన నిలబడి వేడి రేకుకి అచ్చు మసి పట్టిస్తున్న నెల్లెకెన్ ఇటు తిరిగింది. దిగ్నాకి అత్తగారు ఆవిడ. డెబ్బై దాటాయి. నలభై ఏళ్ళుగా అరచేతికి సుద్ద రాసుకుని, రేకు మీది మసిని ఒక్క తుడుపులో తీసేసి గీతల్లో మాత్రం మిగల్చడం ఆవిడ పని. ఆ చెయ్యి ఎంత కడిగినా తెల్లబడదు. చర్చికి వెళ్ళేటప్పుడు దాన్ని శాలువా కింద దాచుకుంటుంది.

"పంతులుగారూ, మీరట్లా రంకెలేస్తుంటే నా మసి ఆరిపోతోంది. కూర్చుని తిట్టండి," అంది.

మూర్మన్ కూర్చోలేదు. ఆరేళ్ళు కూర్చున్నాడు మరి. మా సీమలో పేరున్న నూట ఇరవై కుటుంబాల చరిత్రలు, వాళ్ళ వంశచిహ్నాలైన డాళ్ళు, వాటి అర్థాలు అన్నీ పోగేసి పుస్తకం రాశాడు. బళ్ళో లాటిన్ చెప్పుకునే మనిషికి ఆ పుస్తకంతో పెద్దిళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. అందులో ప్రతి ఇంటి డాలూ రాగి మీద చెక్కి అచ్చువెయ్యాలి. దిగ్నా మొగుడు హిల్లిస్ పదకొండు చెక్కి పోయాడు. మిగిలిన నూట తొమ్మిదీ దిగ్నా చేతి మీదుగానే వచ్చాయి. నాలుగేళ్ళ పని. రాగి మీద రంగులు ఎక్కవు కదా, అందుకని మావాళ్ళు గీతల్లో రంగులు చెబుతారు. అడ్డగీతలు వేస్తే నీలం, నిలువు గీతలు వేస్తే ఎరుపు, చుక్కలు పెడితే బంగారం. స్నూక్ వారిది బంగారు డాలు, నీలం చేపలు. ఆ చుక్కలొక్కటే పెట్టడానికి దిగ్నాకి మూడు రోజులు పట్టింది.

"నిన్న సాయంత్రం వాళ్ళింటి నుంచి కబురొచ్చింది," అన్నాడు మూర్మన్, గొంతు కాస్త దిగి. "'ఉంగరం సంగతి మాట్లాడాలి, గురువారం రండి.' అంతే. ఒక్క ముక్క ఎక్కువ లేదు. పెద్దిళ్ళవాళ్ళు పొట్టిగా కబురంపితే దానర్థమేమిటో తెలుసా నీకు? మూడొందల పుస్తకాలు అచ్చయిపోయాయి. వాళ్ళకిచ్చిన పుస్తకానికి ఎర్రతోలు అట్ట కూడా వేయించాను. నా బొమ్మ ఎక్కడుంది? నా బొమ్మ ఇవ్వు."

దిగ్నా లేచి, గూట్లోంచి దారంతో కట్టిన కాయితాల కట్ట దింపి, స్నూక్ వారి బొమ్మ వెతికి ఇచ్చింది. మూర్మన్ దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళాడు. వెలుతురుకి ఎత్తి చూశాడు. దగ్గరికి తెచ్చుకున్నాడు. తర్వాత అటూ ఇటూ చూసి, కాయితాన్ని ముక్కుకి ఆనించుకున్నాడు.

చెవులదాకా ఎర్రబడ్డాడు. కాయితం నాలుగు మడతలు పెట్టి కోటు లోపలి జేబులో దోపేసుకున్నాడు.

"నా బొమ్మలో ఉంగరం లేదు."

"అదేమిటి పంతులుగారూ, ఉంది. గోధుమరంగులో ఉంది. కుడిపక్క కాస్త పలచబడింది, కలంలో సిరా అయిపోయిందేమో అనుకున్నా. ఇంకో రెండు డాళ్ళకి కూడా మీరే ఉంగరాలు గీశారు కదా, ఇదీ అలాంటిదే అనుకుని చెక్కాను. ఏదీ, ఒకసారి చూపించండి."

"నా కాయితం నీకెందుకు చూపించాలి?"

"తొలి అచ్చు మీకు పంపాను. బాగుంది, వేసెయ్యమన్నారు."

"నూట ఇరవై పంపావు. అన్నీ భూతద్దం పెట్టి చూడాలా?" మూర్మన్ టోపీ తలకి బిగించుకున్నాడు. "ఇది నీ బుర్రలోంచి పుట్టింది దిగ్నా. మొగుడు పోయాక నీకు స్వతంత్రం ఎక్కువైంది. నా పేరు చెడిపోతుంటే చూస్తూ ఊరుకోను. ఇవాళే మీ చెక్కుడుపనివాళ్ళ సంఘానికి రాస్తాను."

వచ్చినంత విసురుగానూ వెళ్ళిపోయాడు. తలుపు వెయ్యలేదు. నెల్లెకెన్ వెళ్ళి వేసొచ్చింది.

"కాయితం వాసన చూశాడే," అంది.

"చూశా అత్తా."

"కాయితంలో వాసన చూడ్డానికి ఏముంటుందే?"

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. మూర్మన్ పంతులు ఎక్కడ కూర్చున్నా మోచేతి పక్కన బీరు ముంత ఉండాల్సిందే. బళ్ళో పాఠం చెప్పేటప్పుడూ ఉంటుందట. దిగ్నా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో అత్తా. ముంత అడుగు చెక్కానా నేను?"

"చుట్టూ నీడ కూడా వేశావు. ఎంత ముచ్చటగా చెక్కావే, అసలు ముంతే సిగ్గుపడుతుంది." నెల్లెకెన్ నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుంది. ఆవిడ నవ్వితే దిగ్నాకి ఆగదు. అచ్చు యంత్రం పక్కన కూలబడి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు అత్తాకోడళ్ళిద్దరూ. ఆ నవ్వు కాస్త తగ్గాక, సంఘం అన్న మాట గుర్తొచ్చి దిగ్నాకి భయం పట్టుకుంది.

ఎందుకంటే సంఘం కట్టుబాటు ఒకటుంది. చెక్కుడు పనివాడు పోతే అతని పెళ్ళాం దుకాణం నడుపుకోవచ్చు. కానీ ఎదుటివాళ్ళు గీసిచ్చింది గీసిచ్చినట్టు చెక్కాలి తప్ప సొంత బుర్రలోంచి ఒక్క గీత కలపకూడదు. కలిపిందని తేలితే యంత్రానికి లక్క ముద్ర వేసి మూసేస్తారు, పనిముట్లు వేరే వాళ్ళకి ఇచ్చేస్తారు. సొంతంగా కల్పించే హక్కు పట్టా ఉన్న పనిమంతులకే. మరి ఆ పట్టా ఎవరికిస్తారయ్యా అంటే, సొంతంగా ఏదైనా కల్పించి చూపించినవాళ్ళకి. పట్టా లేకుండా కల్పించకూడదు, కల్పించకుండా పట్టా రాదు. ఇంత చక్కటి కట్టుబాటు ఏ మహానుభావుడు రాశాడో గానీ, వాడికి పెళ్ళాం ఉండి ఉండదు.

బుధవారం మధ్యాహ్నం సంఘం బంట్రోతు, క్లాస్ అనే ఆయన, తాఖీదు పట్టుకొచ్చాడు. హిల్లిస్‌తో కలిసి తిరిగినవాడు. కుర్చీ అంచున కూర్చుని, నెల్లెకెన్ పెట్టిన ఉప్పుచేప, రొట్టె తింటూనే నేల చూపులు చూశాడు.

"శనివారం పది గంటలకి రమ్మన్నారమ్మా. పంతులు చాలా గట్టిగా రాశాడు. ఆ ఉంగరం నా కాయితంలో లేనే లేదు, మొదటి నుంచి చివరిదాకా ఆ విధవరాలి బుర్రలోంచి పుట్టిందే, ఆమె తప్ప వేరెవరూ దానికి బాధ్యులు కారు అని. కింద ఇంత పొడుగు సంతకం."

"అబద్ధం రాశాడు క్లాసన్నా. వచ్చి చెబుతాను."

"చెప్పు. చెప్పొద్దనను. కానీ రాసి సంతకం పెట్టిన చదువుకున్నవాడి మాటకి ఎదురుగా మన నోటిమాట చెల్లదమ్మా. సంఘం పెద్దాయన యాస్పర్ మంచివాడే. మంచివాడైనా కట్టుబాటు దాటడు." చేప ముల్లు పళ్ళెం అంచున పెట్టాడు. "ఏదైనా కాయితం ఉందా నీ దగ్గర?"

"ఉన్న కాయితం ఆయన జేబులో ఉంది."

క్లాస్ వెళ్ళాక దిగ్నా స్నూక్ వారి రేకు బయటికి తీసింది. ఉంగరం చెరపడం పెద్ద పనేం కాదు. కొలకర్రతో ఉంగరం జాగా పట్టుకుని, రేకు తిరగేసి, వెనకవైపు అదే జాగాలో గుర్తు పెట్టి, సన్నటి సుత్తితో టకటక కొడితే ఇవతల రాగి పైకి లేస్తుంది. లేచిందాన్ని గీకి, నున్నటి కడ్డీతో మెరుగు పెట్టి, మళ్ళీ చుక్కలు పెట్టేస్తే ఉంగరం అక్కడ ఉండేదని దాన్ని కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. శనివారానికి కొత్త కాయితాలు వేసి పట్టుకెళ్తే సంఘం కాస్త మెత్తబడుతుందేమో. కొలకర్ర పెట్టింది. గుర్తు పెట్టింది. సుత్తి ఎత్తింది.

ఎత్తిన సుత్తి అలాగే పట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత బల్ల మీద పెట్టేసింది.

"ఏమే, కొట్టవా?" అంది నెల్లెకెన్.

"కొడితే తప్పు చేశానని ఒప్పుకున్నట్టే అత్తా. నేను చెయ్యలేదు. కాయితంలో ఏముందో అదే చెక్కాను. నాలుగేళ్ళుగా అదే చేస్తున్నాను."

"దుకాణం పోతే?"

దిగ్నా రేకుని గుడ్డలో చుట్టింది. ఈ ఉలీ, ఈ దిండూ, ఈ కిటికీ వెలుతురూ లేకుండా పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో ఆమెకి నిజంగా తెలీదు. అత్తగారికి అంతకన్నా తెలీదు. నెల్లెకెన్ లేచి కోడలి తల మీద చెయ్యి పెట్టి, మసి అంటుకుంటుందని గుర్తొచ్చి తీసేసి, రాత్రి కూరకి తెచ్చిన ఆల్చిప్పలు కడగడానికి దొడ్లోకి వెళ్ళింది.

శుక్రవారం పొద్దున తలుపు ముందు గుర్రబ్బండి ఆగింది. అందులోంచి ఒక ముసలావిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగి, బురదలో చెక్కజోళ్ళు టపటపలాడించుకుంటూ లోపలికొచ్చింది. చంకలో ఎర్రతోలు పుస్తకం.

"నేను స్నూక్ వాల్బుర్గని. ఉంగరం చెక్కిందెవరు?"

దిగ్నా లేచి నిలబడింది. "నేనేనమ్మగారూ."

వాల్బుర్గ పుస్తకం బల్ల మీద పడేసి, రెండు చేతులతో దిగ్నా మొహం పట్టుకుని, ఈ బుగ్గ మీదా ఆ బుగ్గ మీదా ముద్దు పెట్టుకుంది. నెల్లెకెన్ చేతిలో మసిగుడ్డ జారి కింద పడింది.

"పదిహేడేళ్ళు," అంది ముసలావిడ, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "మా బావగారు లాంబ్రెక్ట్‌కీ మాకూ పదిహేడేళ్ళుగా మాటల్లేవు. ఎందుకో తెలుసా? చేపల గురించి. 'పెద్దకొడుకు వాటా మాది, డాలు మాది, చిన్నకొడుకు వాటా వాళ్ళు మా చేపలే మోస్తే ఎవరింటివాళ్ళెవరో ఎలా తెలుస్తుంది, ఏదో ఒక తేడా గుర్తు పెట్టుకోండి' అంటాడాయన. మా ఆయన, ఆయన ఆత్మకి శాంతి కలగాలి, ఒక్క పొలుసు కూడా మార్చనన్నాడు. చర్చిలో మా బల్ల మీద డాలు ఊడబీకించారు. ఆ మూల వాళ్ళు, ఈ మూల మేము. పెళ్ళిళ్ళు లేవు, తద్దినాలు లేవు. ఆయన పోయినా పంతం పోలేదు. నాకూ నోరు పెగల్లేదు."

"ఇప్పుడేమైందమ్మగారూ?"

"ఈ పుస్తకం రెండిళ్ళకీ వచ్చింది కదా, అందులో మా రెండు వాటాలకీ చెరో డాలు ఉంది, ఉంగరం మా దానికే. ఆదివారం సాయంత్రం మా బావగారు కర్ర పొడుచుకుంటూ నడిచొచ్చాడమ్మా నా గుమ్మంలోకి. కళ్ళు తుడుచుకుంటున్నాడు. 'వాల్బుర్గా, మొత్తానికి తేడా పెట్టుకున్నావు, ఎంత అందంగా పెట్టుకున్నావు, ఇక మీ డాలు మా పక్కనే తగిలిద్దాం' అన్నాడు. నేను పెట్టలేదు, నాకేం తెలీదు అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఈ ఆదివారం అందరం ఒక్క బల్ల మీద భోంచేస్తున్నాం. ముప్పై మందిమి." వాల్బుర్గ ముక్కు చీదుకుంది. "ఇంత తెలివైన ఆలోచన ఎవరిదో కనుక్కుందామని మూర్మన్‌కి కబురంపాను. నిన్న వచ్చాడు. మొదటి పావుగంట నిలువునా వణికాడు, పాపం, ఎందుకో అర్థం కాలేదు. మేం మెచ్చుకునేసరికి నిటారుగా అయ్యాడు. 'ఆరేళ్ళు ఆలోచించి పెట్టానమ్మగారూ' అన్నాడు. సరే, ఆలోచించినవాణ్ణి చూశాం, చెక్కిన చేతులు కూడా చూద్దామని వచ్చాను."

నెల్లెకెన్ గొంతులోంచి ఏదో చప్పుడొచ్చింది. దిగ్నా ఆవిడ వైపు చూడలేదు. చూస్తే నవ్వొస్తుంది, నవ్వితే ఏడుపొస్తుంది. ఊరుకుంటే సరిపోతుంది, ముసలావిడ సంతోషంగా వెళ్ళిపోతుంది. కానీ ఆవిడ ఈ చేతులు చూడ్డానికి వచ్చింది. ఈ చేతులు కాయితంలో ఉన్నదానికి ఎక్కువా తక్కువా ఏనాడూ చెక్కలేదు.

"అమ్మగారూ, తిట్టినా సరే, చెబుతాను. అది ఆలోచన కాదు. బీరు ముంత."

"ఏమిటీ?"

"పంతులుగారు బొమ్మ మీద ముంత పెట్టుకున్నారు. అడుగు అచ్చు పడింది. నేను ఉంగరమనుకుని చెక్కాను."

వాల్బుర్గ పుస్తకం తెరిచింది. ఉంగరాన్ని దగ్గరగా చూసింది. దూరంగా పెట్టి చూసింది. తర్వాత ఆవిడ భుజాలు కదలడం మొదలైంది, మెడ కింద మడతలు కదిలాయి, ఆఖరికి పుస్తకం ఒళ్ళో పడేసుకుని పక్కలు పట్టుకుని నవ్వింది. బండివాడు కంగారుపడి లోపలికి తొంగి చూశాడు.

"మా మావగారి తాత రేవులో తొట్టె పెట్టుకుని చేపలమ్మాడమ్మా. పొద్దున నాలుగు చేపలు, సాయంత్రం నాలుగు ముంతలు. ఇన్నాళ్ళూ చేపలొక్కటే మోశాం, ఇప్పుడు డాలు నిండింది." కళ్ళు ఒత్తుకుంది. "లాంబ్రెక్ట్‌తో మాత్రం అనకు. ఆయనకి నవ్వితే దగ్గొస్తుంది."

"మీకు కోపం రాలేదా అమ్మగారూ?"

"పదిహేడేళ్ళుగా కోపంగానే ఉన్నానమ్మా. విసుగేసింది." లేవబోయి, బల్ల మీది తాఖీదు చూసి ఆగింది. "ఇదేమిటి?"

నెల్లెకెన్‌కి ఇక ఆగలేదు. కోడలు వద్దని సైగ చేస్తున్నా మంగళవారం నుంచి జరిగిందంతా చెప్పేసింది, కాయితం వాసన చూడ్డం కూడా అభినయించి చూపించింది. వాల్బుర్గ వింటూనే తాఖీదు రెండుసార్లు చదివింది.

"అంటే సంఘంలో నీది అని రాసిచ్చి, మా ఇంట్లో నాది అన్నాడన్నమాట," అంది చివరికి. "రేపు పది గంటలకేనా? నేనూ వస్తాను. నాకు వేరే పనేం లేదు."

శనివారం వీళ్ళు వెళ్ళేసరికి మూర్మన్ అప్పటికే సంఘం గదిలో ఉన్నాడు. పెద్దాయన యాస్పర్ బల్ల మీదకి వంగి బతిమాలుతున్నాడు. గోడల వెంట బల్లల మీద పదిహేనుమంది పనిమంతులు కూర్చుని, చోద్యం చూస్తున్నారు.

"వెనక్కి తీసుకుంటానంటున్నా కదండీ. పోనీ పాపం, ఆడకూతురు..."

"తీసుకోవచ్చు పంతులుగారూ," అన్నాడు యాస్పర్. పొట్టిగా, బట్టతలతో, ఎప్పుడూ నిద్రపోతున్నట్టు కనిపించే మనిషి. "అయితే ఫిర్యాదు అబద్ధమని రాసి తీసుకోవాలి. అబద్ధపు ఫిర్యాదు ఇచ్చినవాళ్ళ పుస్తకానికి ఈ ఊళ్ళో ఎవరూ రేకు చెక్కకూడదు. అదీ మా కట్టుబాటే. మీ రెండో సంపుటం ఎంతవరకు వచ్చింది?"

మూర్మన్ వెనక్కి వచ్చి కూర్చున్నాడు. అప్పుడు తలుపు దగ్గర వాల్బుర్గ కనిపించింది ఆయనకి. మొహం పాలిపోయింది.

యాస్పర్ ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా చదివాడు. సంతకం కూడా చదివాడు. చదివి, "దిగ్నా, ఏమంటావు?" అన్నాడు.

దిగ్నా ముందుకొచ్చింది. "అబద్ధమండీ. నా బుర్రలోంచి రాలేదు. పంతులుగారి కాయితంలో ఉంది. అది బీరు ముంత అడుగు. నేను ఉంగరమనుకున్నాను."

బల్లల మీద నవ్వులు లేచాయి. యాస్పర్ నవ్వలేదు. "పంతులుగారూ, ముంత అంటోంది."

"ముంతా గింతా ఏం లేదు. నేను రాసేటప్పుడు తాగను." ఈసారి నవ్వులు ఇంకా పెద్దవి.

"అయితే కాయితం చూపిస్తారా?"

"అది... తగలబడిపోయింది."

"పాపం. మరి ఉంగరం మీరే గీశారేమో, మర్చిపోయారేమో. ఆరేళ్ళు ఆలోచించి పెట్టానని స్నూక్ వారింట్లో అన్నారట, అమ్మగారు నిన్ననే కబురంపారు."

"నా చెవులతో విన్నాను," అంది వాల్బుర్గ వెనకనుంచి. "ఈమె కూడా అక్కడే ఉంది," అని పక్కనున్న తన పనిమనిషిని చూపించింది.

మూర్మన్ కాలరు సర్దుకున్నాడు. తను గీశానంటే ఉత్తరం అబద్ధం. ముంత అంటే ఉత్తరం అబద్ధమూ, తనకి సిగ్గూ. రెండో సంపుటంలో ఇంకో నూట నలభై డాళ్ళున్నాయి. ఇక మిగిలిన దారి ఒక్కటే.

"అక్కడ మర్యాద కోసం అన్న మాట అది," అన్నాడు. "ఉత్తరంలో రాసిందే నిజం. ఆ ఉంగరం పూర్తిగా ఈమె బుర్రలోంచే పుట్టింది."

"లేదండీ, ముంతే," అంది దిగ్నా.

"ముంత కాదు," అన్నాడు మూర్మన్ గట్టిగా. "ఊరికే వినయం చూపిస్తోంది. ఆమె కల్పనే."

"సరే, కల్పనే అనుకుందాం," అన్నాడు యాస్పర్. "ఆ కల్పన తప్పా ఒప్పా? మీరు శాస్త్రం చదివినవాళ్ళు, చెప్పండి. చిన్న వాటా వాళ్ళు తేడా కోసం ఉంగరం పెట్టుకోవచ్చా?"

"పెట్టుకోవచ్చు."

"పెట్టిన చోటు?"

"అదే చోటు. మూడింటి మధ్యనే పెట్టాలి."

"కొలత?"

"కొలత..." మూర్మన్ ఒకసారి వాల్బుర్గ వైపు చూశాడు. ఆవిడ రెప్ప వెయ్యకుండా చూస్తోంది. "కొలత కూడా సరిగ్గా ఉంది. నేను పెట్టినా అంతకన్నా బాగా పెట్టలేను."

"అది కూడా రాసి సంతకం పెట్టండి," అన్నాడు యాస్పర్, కలం జరుపుతూ.

మూర్మన్ రాశాడు. యాస్పర్ ఆ కాయితం మీద ఇసక జల్లి, దులిపి, మొదటి ఉత్తరం పక్కన పెట్టుకుని, రెండూ కలిపి ఇంకోసారి చదువుకున్నాడు. అప్పటిదాకా నిద్రపోతున్నట్టున్న కళ్ళు ఇప్పుడు మేలుకునే ఉన్నాయి.

"కట్టుబాటు ప్రకారం సొంతంగా కల్పించే హక్కు విధవరాలికి లేదు. నిజమే. కానీ ఎవరి సాయమూ లేకుండా శాస్త్రానికి ఒప్పే కొత్త కల్పన చేసినట్టు చదువుకున్న పెద్దమనిషి రెండుసార్లు సంతకం పెట్టి సాక్ష్యమిచ్చాక, ఆ మనిషిని మనం విధవరాలు అని రాసుకోం. పనిమంతురాలు అని రాసుకుంటాం. ఎవరికైనా అభ్యంతరమా?"

పదిహేనుమందిలో ఒక్కరూ లేవలేదు. ఒకాయన మాత్రం తొడ చరుచుకున్నాడు.

"నాకు అభ్యంతరమండీ," అంది దిగ్నా. ఆమె మొహం ఎర్రబడింది. "నేను చెయ్యని పనికి పట్టా ఎలా తీసుకోను? నిజంగా ముంతేనండీ."

యాస్పర్ పెద్ద పుస్తకం తెరిచి, కలం సిరాలో ముంచాడు. "చూడమ్మా. రాసి సంతకం పెట్టిన చదువుకున్నవాళ్ళ మాటకి ఎదురుగా నీ నోటిమాట చెల్లదు. మంగళవారం నుంచి ఆ కట్టుబాటు నిన్ను భయపెట్టింది, ఇవాళ కాసేపు నీ పని చెయ్యనీ." రాస్తూనే గొంతు తగ్గించాడు. "నూట తొమ్మిది డాళ్ళు చూశాను. పట్టా ముంతకి ఇవ్వడం లేదు."

నెల్లెకెన్ వెనకనుంచి కోడలి నడుం మీద పొడిచింది. "ఇక నోరు మూసుకోవే తల్లీ."

దిగ్నా నోరు మూసుకుంది. యాస్పర్ రాస్తున్న ఒక్కో అక్షరాన్నీ తలకిందులుగానే చదువుకుంది. నాలుగేళ్ళుగా అక్షరాలు తిరగేసి చెక్కిన మనిషికి అదేం కష్టం కాదు. తన పేరు పూర్తయ్యేసరికి ఆమెకి ఏం చెయ్యాలో తోచక, పెద్దాయన చేతిని రెండు చేతుల్తో పట్టుకుని ఊపేసింది. సంతోషం పట్టలేకపోయింది.

బయట మెట్ల మీద మూర్మన్ పంతులు గొంతు సవరించుకుంటూ పక్కకి వచ్చాడు. "దిగ్నా... రెండో సంపుటం..."

"బొమ్మలు పంపించండి పంతులుగారూ. ఎండబెట్టి పంపించండి."

వాల్బుర్గ ఆయన భుజం మీద చెయ్యేసి, "మీరు కూడా రేపు భోజనానికి రండి," అంది. "మా బావగారికి ఆ ఆరేళ్ళ ఆలోచన గురించి మీరే చెప్పాలి. ఇక అదే ఖాయం చేసుకోండి, ఇంకోటి చెప్పకండి." మూర్మన్ తల ఊపాడు. బండి దాకా ఆవిడ గొడుగు కూడా ఆయనే పట్టాడు.

ఇంటికొచ్చేసరికి ఎండ కాసింది. నెల్లెకెన్ పొయ్యి రాజేసి, ఆల్చిప్పలు ఉల్లిపాయలతో ఉడకపెట్టి, ఒక ముక్క వెన్న ఎక్కువే వేసింది. తిని చేతులు కడుక్కున్నాక దిగ్నా కొత్త రాగి రేకు ఒకటి తీసి, అంచులు అరగదీసి, బొగ్గుపొడితో నున్నగా రుద్ది, దిండు మీద పెట్టింది. ఎదురుగా కిటికీ చువ్వకి బొమ్మ కాయితం గుచ్చుకోవడం అలవాటు. చెయ్యి దానంతటదే ఆ వైపు వెళ్ళి, గుచ్చడానికేం లేక ఆగింది. అక్కడ ఇవాళ ఉత్త కిటికీయే ఉంది, అవతల వీధి, చేపలబండి, ఎవరో ఇద్దరాడవాళ్ళు గుమ్మంలో నిలబడి తగువు పడుతున్నారు.

దిగ్నా రేకుని కిటికీ వెలుతురులోకి జరుపుకుంది. ఉలి కొసని గోటి మీద పరీక్షించుకుని, రేకు మధ్యలో ఆనించింది.

"ఏమిటే అది?" అంది నెల్లెకెన్, భుజం మీంచి వంగి.

"ఇంకా తెలీదత్తా."

"తెలీకుండానే చెక్కుతావా?"

"చెక్కాక తెలుస్తుంది," అని దిగ్నా ఎడంచేత్తో రేకుని మెల్లగా తిప్పడం మొదలుపెట్టింది.